కాకిమెడ రంగు లేసు

తెల్ల లేసు నీడ నల్లగా ఉంటుంది.

ఇది చెప్పుకోవాల్సిన మాట కాదు. ఎవరికి తెలియదు గనక? కానీ ప్రసన్నకుమారికి అది ఒకరోజు కొత్తగా తెలిసింది. పెళ్ళయి ఈ ఇంటికి వచ్చిన కొత్తల్లో, ఒక పొద్దున, తూర్పు కిటికీ లేసు పరదాలోంచి ఎండ దూరి ఎదురుగా సున్నం గోడ మీద పరుచుకుంది. పరదా మీద పువ్వులు తెల్లవి. గోడ మీద పువ్వులు నల్లవి. గాలి వస్తే తెల్లవి కదిలేవి. వాటి వెనకే, ఒక్క ఊపిరి ఆలస్యంగా అన్నట్టు, నల్లవి కదిలేవి.

ఇంటికొచ్చినవాళ్ళందరూ పరదాని చూసి మెచ్చుకునేవారు.

ఆమె గోడని చూస్తూ ఉండిపోయేది.

*

ఇల్లు కాలువ గట్టు మీద. రాజోలు వెళ్ళే ఆటోలు గుమ్మం ముందే ఆగుతాయి. ముందు కాలువ, వెనక కొబ్బరిచెట్లు, రెండు చెట్ల మధ్య తీగ.

ఆ తీగ మీద ఎప్పుడూ ఏదో ఒక తెలుపు ఆరుతూ ఉండేది.

అది అత్తగారు మరియమ్మ తెలుపు. చర్చిలో బల్ల మీద పరిచే గుడ్డకి అంచు. బాప్తిస్మానికి తీసుకొచ్చే పసివాళ్ళ గౌన్లకి అంచు. పెళ్ళికూతుళ్ళ ముసుగులు. ఆ చుట్టుపక్కల ఎవరింట్లో ఏ తెలుపు కావాల్సి వచ్చినా మరియమ్మ చేతిలోంచి రావాల్సిందే. పుట్టినవాళ్ళకీ ఆవిడే. పోయినవాళ్ళకీ ఆవిడే.

కోడలి చేతికి లేసు సూది ఇచ్చింది కూడా ఆవిడే. పక్కన కూర్చునేది. ఏమీ చెప్పేది కాదు. అల్లికలో ఒక్క కన్ను తప్పితే చేయి చాపి దారం లాగేది — వరసంతా విడిపోయేది. మాట లేదు, కోపం లేదు. విప్పడమే పాఠం.

ప్రసన్న నేర్చుకుంది.

చేతులు తెలుపు అల్లుతున్నంతసేపూ కళ్ళు మాత్రం గోడ మీదే ఉండేవి.

*

నలుపు ఆ ఇంట్లోకి నిఖితతో వచ్చింది.

నిఖిత ప్రసన్న అక్క కూతురు. విశాఖపట్నంలో చదువుకుంటోంది. సెలవులకి వచ్చి ఫోన్ చూపించింది. ఫోన్లో అమ్మాయిలు — తల నుంచి కాలి దాకా నలుపు. మెడ చుట్టూ నల్ల లేసు. వేళ్ళు లేని నల్ల గ్లౌజులు. మోచేతి దగ్గర గంటలా విచ్చుకున్న నల్ల చేతులు. పెదవులు కూడా అప్పుడే నేరేడుపళ్ళు తిన్నట్టు.

“గోతిక్ అంటారు పిన్నీ. నాకొక మెడపట్టీ అల్లిపెట్టవా?”

ప్రసన్న ఫోన్ వంక చూసింది. చాలాసేపు చూసింది.

అది ఆమె గోడ.

ఎవరో దూరాన ఉన్న పిల్లలు, ఆమె పొద్దున్నే చూసే గోడని తొడుక్కుని తిరుగుతున్నారు.

*

నల్లదారం ఉండ ఒకటి కొని చూసింది. కుదరలేదు. నలుపు మీద కన్ను కనపడదు. సూది ఎక్కడ దూరిందో తెలియదు. ఆ ఉండని బుట్ట అడుగున పడేసి, తెల్లదారమే తీసుకుంది. తెల్లగా పుట్టించి, తర్వాత నలుపులో ముంచాలి.

బజారు రంగు రెండు ఉతుకులకే ఎర్రబారింది. ఆమెకి నచ్చలేదు. తను చూసిన నీడ ఎర్రబారదు. డిగ్రీలో చదివిన కెమిస్ట్రీ, చిన్నప్పుడు అమ్మమ్మ చెప్పిన కరక్కాయ సిరా — రెండూ పెరట్లో కలుసుకున్నాయి.

ఒక కుండలో బెల్లం నీళ్ళు. అందులో తుప్పు పట్టిన ఇనుము — విరిగిన గొడుగు ఊచలు, గొళ్ళేలు, మేకులు. మూతికి గుడ్డ కట్టి మరిచిపోవాలి. కుండ లోపల ఏదో మెల్లగా ఊపిరి తీస్తూ ఉంటుంది. పులుపూ ఇనుమూ కలిసిన వాసన... వానలో తడిసిన గేటు పట్టుకుంటే చేతికి అంటుకునే వాసన.

ఇంకో గిన్నెలో కరక్కాయ నీళ్ళు. అవి చూడ్డానికి ఏమంత ఉండవు. పల్చటి గంజిలా, లేత పసుపు. అందులో ముంచిన లేసు ఇంకా తెల్లగానే ఉంటుంది. కొంచెం పాతబడినట్టు — అంతే. నలుపు అప్పటికే అందులోకి వచ్చేసి ఉంటుంది. కళ్ళు మూసుకుని ఉంటుంది.

ఇనుము తగిలితే కళ్ళు తెరుస్తుంది.

ఆ క్షణం కోసమే ఆమె పనంతా చేసేదేమో. కుండలోంచి తీసినప్పుడు బూడిదరంగు. గాలి తగిలేకొద్దీ చిక్కదనం. తీగ మీద, నడి ఎండలో, ఆమె చూస్తుండగానే లేసు మీద పొద్దు గూకేది.

పాత గొడుగుల నల్లగుడ్డ విప్పి, ముక్కలు కలిపి, లంగాలు కుట్టింది. గొడుగు ఊచలు సాపుచేసి నడుం బిగించే జాకెట్లలో దూర్చింది. కొబ్బరిచిప్పలు అరగదీసి గుండీలు చేసింది, నెలవంకలు చేసింది, చిన్న చిన్న సిలువలు చేసింది. నూనె రాస్తే చిప్ప నల్లగా, తడి ఆరనట్టు మెరిసేది.

కాలువలో పాతిన రాట మీద ఒక నీటికాకి ఉండేది. మునిగి లేచి, రెక్కలు రెండూ చాపి, ఎండకి ఆరబెట్టుకునేది. కదిలేది కాదు. ఎవరి కోసమో నిలబడినట్టుండేది.

తీగ మీద ఆమె అల్లిన గౌను చేతులు కూడా అలాగే నిలబడేవి.

*

పక్కింటి ఝాన్సీ ఊరి బడిలో టీచరు. పిట్టగోడ మీంచి తొంగిచూసి నవ్వేది.

“ఏంటండీ ప్రసన్నగారూ, ఇవాళ కాకుల్ని ఉతికి ఆరేసేరా?”

“ఆయ్. మీ చెట్టు మీదివి కూడా పంపండి. మరీ మురికిగా తిరుగుతున్నాయి.”

పార్సెళ్ళు వెళ్ళేవి. హైదరాబాదుకి, పూణేకి, ఆమె ఎప్పుడూ చూడని ఊళ్ళకి. వేసుకున్న పిల్లలు ఫోటోలు పంపేవారు. బెంగుళూరు నుంచి ఒక అమ్మాయి రాసింది — ఇది వేసుకుంటే ఎంతమందిలో ఉన్నా నా గదిలో నేను ఉన్నట్టుంటుంది అక్కా, అని. ప్రసన్న ఆ మాట పెరట్లో నిలబడి చదువుకుంది. మళ్ళీ చదువుకుంది. చేతులకి రంగు ఉండడంతో ఫోన్ తెర మీద వేలిముద్ర పడింది. తుడవబుద్ధి కాలేదు.

మస్కట్‌లో ఉన్న భర్త ప్రవీణ్ కుమార్ ఆ ఫోటోలు చూశాడు. బాగున్నాయని అనలేదు, బాగాలేవనీ అనలేదు. అమ్మ ఏమంది, అని అడిగాడు.

అమ్మ ఏమంది?

మరియమ్మ మొదట ఒక్కటే అడిగింది.

“ఆ పిల్లలందరికీ ఎవరు పోయేరమ్మా?”

“ఎవరూ పోలేదండి అత్తయ్యగారూ. వాళ్ళకి నలుపంటే ఇష్టమండి.”

“ఇష్టమైతే కాటుక పెట్టుకోమను.”

ఇంకోసారి ప్రసన్నే ధైర్యం చేసింది. శుభ శుక్రవారం నాడు చర్చి బల్ల మీద నల్లగుడ్డే కదండీ పరుస్తారు, అంది.

“మూడో రోజుకి తీసేస్తారు,” అంది మరియమ్మ.

అంతే. ఆ తర్వాత ఆవిడ తీగ వైపు చూడడం మానేసింది. పెరట్లోకి వస్తే మొహం పక్కకి తిప్పుకుని నడిచేది. తిట్టలేదు. వద్దనలేదు. కన్ను తప్పితే చేయి చాపి దారం లాగే మనిషి — ఇప్పుడు చేయి చాపడం లేదు.

ప్రసన్నకి అదే బాధ. తిడితే జవాబుండేది.

ఆమెకి కావాల్సింది పెద్దదేం కాదు. నేర్పిన మనిషి ఒక్కసారి చూడాలి. తన నలుపుని చేతిలోకి తీసుకుని, వెలుతురుకి పట్టి, బాగుందనో బాగాలేదనో... ఏదో ఒకటి అనాలి.

*

మరియమ్మ పెట్టెలో ఒక ముసుగు ఉంది.

అది ఎవరికీ ఇచ్చేది కాదు. తన కోసం తాను అల్లుకుంటున్నది. ఊళ్ళో పోయినవాళ్ళందరికీ తెలుపు అల్లిన చేయి, తనకి ఇంకెవరో అల్లితే ఊరుకోదు. తను పోయిన రోజున తల మీంచి భుజాల దాకా కప్పాలి. మంచులా ఉండాలి. ప్రభువు ముందు నిలబడ్డప్పుడు ఎక్కడా మరక ఉండకూడదు. ఈ మాటలు ఆవిడ బెంగగా చెప్పేది కాదు. ప్రయాణానికి ముందే సంచి సర్దుకునే మనిషిలా చెప్పేది.

కోడలు ఈ ఇంటికి రాకముందే మొదలుపెట్టింది. మిగతా పని అయ్యాక, మధ్యాహ్నాల్లో, కొంచెం కొంచెం. మూడు మూలలు పూర్తయ్యాయి. నాలుగో మూలకి వచ్చేసరికి కళ్ళు మసకబారాయి.

ఆపరేషన్ చేయించిన కన్ను కూడా తెలుపు మీద తెలుపుని పట్టుకోవడం లేదు. ఎండలో అయితే మరీ. తెల్ల లేసు, తెల్ల ఎండ, తెల్ల ఆకాశం — అన్నీ కలిసిపోయి ఒకటే పాలపొగ.

“నేను పూర్తి చేస్తానండి,” అంది ప్రసన్న ఒకసారి.

మరియమ్మ ఆమె చేయి పట్టుకుంది. గోళ్ళు కళ్ళకి దగ్గరగా తెచ్చుకుని చూసింది. గోళ్ళ చివర్లలో నలుపు. ఎంత తోమినా పోని నలుపు.

“ఈ చేత్తోనా?” అంది. మెల్లగానే అంది.

ముసుగు పెట్టెలోకి వెళ్ళిపోయింది.

*

కాలువలు కట్టేసిన రోజులు.

నీళ్ళు దిగిపోయి అడుగు బురద పగిలింది. నీటికాకి ఎటో వెళ్ళిపోయింది. ఖాళీ రాట. ఇంట్లో బోరు నీళ్ళే గతి. చూడ్డానికి తేటగా ఉంటాయి, బకెట్ అడుగున మాత్రం ఎర్రగా తుప్పు దిగుతుంది. ఆ ఇంట్లో తెలుపులకి బోరు నీళ్ళు తగలనివ్వరు. వాటికి కాలువ నీళ్ళే — కాలువ కట్టక ముందు పట్టి, పటిక వేసి, కాగులో తేర్చి ఉంచినవి.

ఏటా ఆ ఎండల్లో మరియమ్మ ముసుగు బయటికి తీస్తుంది. పల్చటి గంజి పెట్టి, ఆరేసి, మళ్ళీ పెట్టెలో దాస్తుంది. గంజికి ఒక గిన్నె ఉంది. అంచు దగ్గర సొట్టపడ్డ సత్తుగిన్నె. పొద్దున వార్చిన గంజి అందులోనే ఉండాలి. వంటింటి గుమ్మం పక్కనే ఉండాలి. కళ్ళు చూడకపోయినా వేళ్ళకి ఆ సొట్ట తెలుసు.

ఆ రోజు ఆ గిన్నెలో గంజి లేదు.

పెద్ద ఆర్డరు వచ్చి, పింగాణీ బేసిన్ నిండా గౌను చేతులు నానుతున్నాయి. ఇంకో విడత కలిపిన కరక్కాయ నీళ్ళు ఎందులో పొయ్యాలో ప్రసన్నకి తోచలేదు. గంజిని ఝాన్సీ వాళ్ళ గేదె కుడితిలో పోసేసింది. ఆ నీళ్ళు సత్తుగిన్నెలో పోసి మూత పెట్టింది. వచ్చాక మార్చేద్దామనుకుంది. పార్సెల్ ఇవ్వడానికి రాజోలు ఆటో ఎక్కింది. ఒక్క పోగు వంకర పోయినా ఊరుకోని మనిషి, ఆ గిన్నె దగ్గర తొందరపడింది.

మరియమ్మకి జలుబు. వాసన తెలియలేదు. వేళ్ళు అంచు తడిమాయి. సొట్ట తగిలింది. ముసుగు మెల్లగా ముంచింది. నానేదాకా పట్టుకుని కూర్చుంది.

జిగురు లేదు. వేళ్ళ మధ్య నుంచి వట్టి నీళ్ళలా జారిపోతోంది. గంజి పులిసి విరిగిపోయిందనుకుంది. పులిసిన గంజి లేసులో ఉండిపోతే పురుగు పడుతుంది. గాభరా పడింది. తేర్చిన నీళ్ళ కాగు లోపలెక్కడో ఉంది. బోరు కుళాయి పక్కనే ఉంది. ఒక్క జాడింపుకి ఏమవుతుందిలే అనుకుంది.

కుళాయి తిప్పింది.

జాడించింది. పిండింది. తీగ దగ్గరికి వెళ్ళి, తడుముకుంటూ, అంచులు సరిచేసి ఆరేసింది. లోపలికి వచ్చి కుర్చీలో కూర్చుంది.

పెరట్లో, ఎవరూ చూడకుండా, ఆ తెలుపు కళ్ళు తెరిచింది.

*

ప్రసన్న వచ్చేసరికి అది తీగ మీద ఉంది.

నలుపు కాదు. తెలుపు కాదు. ఊరకాకి మెడ దగ్గర ఒక రంగు ఉంటుంది — బూడిద అనలేం, మబ్బు అనలేం. ఆ రంగు. ఎన్నిసార్లు కుండ మార్చినా, పాళ్ళు మార్చినా ఆమెకి రాని రంగు. బోరు నీళ్ళలోని ఇనుము ఒక్క జాడింపులో ఇచ్చేసింది.

మొదట — తర్వాత ఎంత సిగ్గుపడినా అది నిజం — ఎంత బాగుంది, అనుకుంది.

ఆ తర్వాత మూడు మూలలు కనిపించాయి. నాలుగోది లేదు.

ముసుగు తీయడానికి తీగ దగ్గరికి వెళ్ళింది.

తీసి దాచేయొచ్చు. ఆవిడకి కనపడదు. అదే పువ్వు, అదే ఆకు, మరో ముసుగు తెల్లగా అల్లి పెట్టెలో పెట్టేయొచ్చు. కళ్ళకి తెలియదు. వేళ్ళకి తెలిసిపోతుందేమో... కానీ ఇవాళ ఆ వేళ్ళని కూడా మోసం చేసింది తనే కదా.

వెనక అడుగుల చప్పుడు.

మరియమ్మ గడప దాటి వచ్చింది. ముసుగు ఆరిందో లేదో చూద్దామని వచ్చింది. ఎండకి చేయి అడ్డం పెట్టుకుని, పాలపొగలో తెలుపు కోసం వెతుకుతూ, చాలా రోజుల తర్వాత తీగ వైపు నేరుగా చూసింది.

ఆగిపోయింది.

తెల్ల ఆకాశం మీద కాకిమెడ రంగు. ఒక్కో రేకూ విడిగా. ఒక్కో కన్నూ విడిగా. ఎన్నో ఏళ్ళుగా ఆవిడకి ఏ లేసూ కనపడనంత విడిగా.

“ఇదెవరిదమ్మా?”

ప్రసన్న తీగ మీంచి చేయి తీసేసింది.

“నీదేనా?” దగ్గరికి వచ్చింది. అంచు చేతిలోకి తీసుకుంది. వెలుతురుకి పట్టింది. “చెయ్యి బాగా తిరిగింది నీకు. గొలుసు అల్లిక ఎక్కడా బిగుసుకోలేదు.”

ఇన్నాళ్ళూ ప్రసన్న ఎదురుచూసిన మాట.

వచ్చింది. తనది కాని దాని మీదుగా వచ్చింది.

మరియమ్మ వేళ్ళు అంచు వెంట నడిచాయి. పువ్వు. ఆకు. పువ్వు. ఒకచోట ఆగాయి. వెనక్కి వెళ్ళాయి. మళ్ళీ అక్కడికే వచ్చి ఆగాయి.

అక్కడ ఒక కన్ను తప్పింది.

గాలి లేదు. కొబ్బరాకులు కదలడం లేదు.

“ఇది నాది,” అంది మరియమ్మ.

“అత్తయ్యగారూ... గంజి గిన్నెలో నేనేనండి—”

“పెళ్ళి సందడంతా అయ్యాక పుట్టింటికి వెళ్ళేవు చూడు.” ఆవిడ వినడం లేదు. తప్పిన కన్ను మీద వేలు అలాగే ఉంది. “మావాడేమో మస్కట్ వెళ్ళిపోయేడు. ఈ పిల్ల ఇంక వస్తుందా, రాదా అనుకుంటా అల్లుతున్నాను. గుమ్మం ముందు ఆటో ఆగింది. తలెత్తేను. నువ్వు దిగేవు, ఒక్కదానివే, సంచీ పట్టుకుని. అప్పుడు జారిపోయింది ఇది. తర్వాత చూసుకున్నాను.”

తప్పిన కన్నుని మళ్ళీ తడిమింది.

“విప్పలేదు.”

ఒక్క కన్నుకి వరసంతా విప్పే మనిషి.



*

గిన్నె సంగతి, కరక్కాయ సంగతి, బోరు నీళ్ళ సంగతి — అన్నీ చెప్పింది. మరియమ్మ అరుగు మీద కూర్చుని వింది. మళ్ళీ తెల్లబడుతుందా అని అడిగింది. ప్రసన్న ఉన్నదున్నట్టు చెప్పింది. నిమ్మఉప్పు వేసి మరగబెడితే రంగు పోవచ్చు. ఇంత పాత దారం... రంగుతో పాటు అదీ పోవచ్చు. కొత్తది అల్లమంటే ఇవాళే మొదలుపెడతాను, తెల్లగా, మీరు చెప్పినట్టే, అంది.

“ఆయ్,” అంది మరియమ్మ.

దేనికి అన్నదో తెలియలేదు.

పొడి కాలువ వైపు చూస్తూ మళ్ళీ అంది. “మీ మావయ్యగారు సాలమోను గారు ముందే వెళ్ళి ప్రభువు దగ్గర కూర్చున్నారు. దీంతో వెళ్తే, ఎక్కడి కాకి ఇదని తోలేస్తారేమో.”

నవ్విందా? ప్రసన్న తలెత్తి చూసేసరికి మొహం ఎప్పటిలాగే ఉంది.

ఝాన్సీ పిట్టగోడ మీంచి తొంగిచూసింది. తీగ మీద కొత్త రంగు చూసి ఏదో అనబోయింది. మూడు మూలలు చూసింది. పిల్లల పరీక్ష పేపర్లు దిద్దుకోవాలని చెప్పి లోపలికి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం మరియమ్మ ముసుగుని తనే తీసి మడిచింది. పెట్టె మూత తెరిచిన చప్పుడు మాత్రం వినపడలేదు.

*

పొద్దున ప్రసన్న ముందుగదిలోకి వచ్చేసరికి తూర్పు కిటికీకి పరదా లేదు.

దాని చోట ముసుగు వేలాడుతోంది.

మరియమ్మ కిటికీ పక్కన కుర్చీ వేసుకుని, గోడ వైపు తిరిగి, ప్రసన్న ఎప్పుడూ చూసే చోటే చూస్తూ కూర్చుంది. అప్పటికే చాలాసేపు అయినట్టుంది.

కిటికీలోంచి ఎండ వచ్చింది.

గోడ మీద పువ్వులు నల్లవి. ఆకులు నల్లవి. అది మంచులా ఉన్న రోజుల్లో ఇక్కడ కట్టినా ఇవే పువ్వులు పడేవి, ఇవే ఆకులు, ఇదే నలుపు. కిటికీ దగ్గర ఏం మారిందో గోడకి తెలియలేదు.

మరియమ్మ లేచి గోడ దగ్గరికి వెళ్ళింది. నీడ మీద వేలు పెట్టింది. పువ్వు. ఆకు. పువ్వు. తప్పిన కన్ను. అక్కడ కాసేపు ఆగి, దాటి, మూల దాకా వచ్చింది. అక్కడ అల్లిక అయిపోయింది. వేలి కింద వట్టి ఎండ.

“సూది తీసుకురా,” అంది.

ప్రసన్న సూది తెచ్చింది. తెల్లదారం ఉండ తెచ్చింది. కొంచెం తటపటాయించి, బుట్ట అడుగు నుంచి ఆ నల్లదారం ఉండ కూడా తెచ్చింది. రెండూ కుర్చీ ముందు పెట్టింది.

మరియమ్మ సూది తీసుకుంది. కోడలి చేయి తీసుకుంది. సూదిని ఆ చేతిలో పెట్టి వేళ్ళు మూసింది. గోళ్ళ వంక చూడలేదు. ఆమెని కుర్చీలో కూర్చోబెట్టి, కిటికీ కింద వేలాడుతున్న పూర్తికాని మూలని ఒళ్ళోకి లాగింది. పక్కన కూర్చుంది — వెనకటిలాగే, ఏమీ చెప్పకుండా, కన్ను తప్పితే దారం లాగడానికి చేయి కొంచెం ముందుకు చాపి.

ఏ దారమో మాత్రం చెప్పలేదు.

ప్రసన్న వేళ్ళు రెండు ఉండల మధ్యా ఆగాయి.

గుమ్మం ముందు రాజోలు ఆటో ఆగింది. ఎవరో దిగిన చప్పుడు. ఇద్దరిలో ఎవరూ తలెత్తలేదు. కాలువ ఇంకా వదల్లేదు. రాట ఖాళీగానే ఉంది.

గాలి వచ్చింది.

కిటికీలో లేసు కదిలింది. దాని వెనకే, ఒక్క ఊపిరి ఆలస్యంగా, గోడ మీద నలుపు కదిలింది — కదిలి, ఆ ఖాళీ మూల దాకా వచ్చి ఆగింది.